ఉద్దెర ఖాతా వెనక పేజీలు: గుట్ట కింద ఒక ఐవీఎఫ్ లెక్క

మా చిన్నమ్మ బిడ్డది యాదగిరిగుట్ట. భార్యాభర్తలిద్దరూ గుట్ట కింద కొబ్బరికాయలు, పూజా సామాన్ల దుకాణం నడుపుతారు. పెళ్లయి తొమ్మిదేండ్లు. దుకాణంలో ఉద్దెర ఖాతా రాసే పొడుగు పుస్తకం ఒకటుంది. ముందు నుంచి తెరిస్తే ఎవరు ఎంత బాకీ ఉన్నారో ఉంటుంది. వెనక నుంచి తిప్పితే ఇంకో లెక్క మొదలవుతుంది. అది బయటివాళ్లకు చూపించేది కాదు. నాకు చూపించింది, ఇట్లా రాస్తానంటే సరేనంది, పేరు మాత్రం వద్దంది.

ఐవీఎఫ్ లెక్క మొదలయ్యే పేజీలో ఒకటే ముక్క: ‘ఐవీఎఫ్ – లక్షా నలభై వేలు అన్నరు.’ హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు సెంటర్‌లో చెప్పిన ప్యాకేజీ ధర అది. నాలుగు పేజీల తర్వాత కూడిక ఉంది: 3,11,600.

మధ్యలో ఏం జరిగిందో వరసగా రాసి పెట్టింది. ప్యాకేజీ 1,40,000. అండాలు పెరగడానికి పొట్టమీద వేసుకునే ఇంజెక్షన్లు 72,500. ప్యాకేజీలో లేని స్కాన్లు, రక్తపరీక్షలు 14,200. మిగిలిన పిండాలను ఫ్రీజ్ చేసి ఉంచడానికి 20,000. మొదటిసారి నిలవలేదు, ఫ్రీజ్ చేసిన పిండంతో రెండోసారి ట్రాన్స్‌ఫర్‌కు 45,000. ఆ తర్వాత వాడిన మందులు 11,300. బస్సులు, ఆటోలు, బయట తిండి 8,600. అనుకున్నదానికి రెండింతలు దాటింది. ఆ సెంటర్ వాళ్లు అబద్ధం చెప్పారని మా చెల్లె అనదు. ప్యాకేజీ అంటే అండాలు తీయడం, ల్యాబ్ పని, ఒక ట్రాన్స్‌ఫర్ మాత్రమేనని కాగితం మీద ఉంది. మందులు వేరు, ఫ్రీజింగ్ వేరు, రెండో ట్రాన్స్‌ఫర్ వేరు అని కూడా ఉంది, చిన్న అక్షరాల్లో. “ధర అడిగినం గానీ అండ్ల ఏమేమి రావో అడగలే అన్నా” అంది.

ఈ వ్యాసమంతా ఆ ఒక్క మాట చుట్టూనే. ఐవీఎఫ్‌కు డబ్బు ఎక్కడి నుంచి తేవాలో తర్వాత సంగతి. ముందు ఎంత కావాలో తెలియాలి. ప్యాకేజీ రేటు చూసి అప్పు చేసినవాళ్లు సగం దారిలో ఇంకో అప్పు చేస్తారు, ఆ రెండో అప్పు చాలాసార్లు మొదటిదానికంటే ఎక్కువ మిత్తికే దొరుకుతుంది.

గుట్ట నరసింహస్వామిని వైద్య నరసింహుడని కొలుస్తారు. రోగం నయం కావాలని, కడుపు పండాలని మండల దీక్ష పట్టి ప్రదక్షిణలు చేసేవాళ్లు ఇక్కడ ఎప్పుడూ కనిపిస్తారు. మా చెల్లె దుకాణంలో కొబ్బరికాయ కొనేవాళ్లలో సగం మంది మొక్కులవాళ్లే. పిల్లల కోసం మొక్కేవాళ్లను చూడగానే గుర్తుపడతానంటుంది, వాళ్లు కాయను చెవి దగ్గర పెట్టి ఊపి, నీళ్ల చప్పుడు విని, ఇంకోటి తీసుకొని మళ్లీ ఊపి చూస్తారట. ఆ మొక్కు మీద నాకు అపారమైన గౌరవం. ఆ మొక్కుతో పాటు ఒక లెక్క కూడా ఇంట్లో ఉండాలన్నదే నేను చెప్పేది.

ఇది తక్కువ మందికి వచ్చే కష్టం కాదు. ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరు జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు సంతానలేమిని ఎదుర్కొంటారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 ఏప్రిల్‌లో చెప్పింది. ఖర్చు సంగతి మన దేశంలో భారత వైద్య పరిశోధన మండలి కింద పనిచేసే ముంబై సంస్థ లెక్క కట్టింది. ఒక ఐవీఎఫ్ సైకిల్‌కు జంట జేబులోంచి పోయేది ప్రైవేటులో సగటున సుమారు 2.3 లక్షలు. ప్రభుత్వ ఆస్పత్రిలో కూడా సుమారు 1.1 లక్షలు. ఐవీఎఫ్‌కు వెళ్లిన ప్రతి పది జంటల్లో దాదాపు తొమ్మిదింటికి అది ఇల్లు కుదేలయ్యే ఖర్చే. రెండో అంకె దగ్గర ఒక్క క్షణం ఆగాలి. ప్రభుత్వ ఆస్పత్రి అంటే ఉచితం అనుకొని వెళ్తాం. బయట కొనే ఇంజెక్షన్లు, పరీక్షలు, తిరుగుడు కలిస్తే అక్కడా లక్ష దాటుతోందన్నమాట.

మొదటి పరీక్ష మగవాళ్లది

డబ్బు ఆదా అయ్యే మొదటి చోటు చాలా చవకైనది, అందుకే చాలా ఇళ్లలో చివరికి వస్తుంది. వీర్య పరీక్ష. కొన్ని వందల రూపాయల పని, ఒక్కరోజులో తేలిపోతుంది. పిల్లలు కాని జంటల్లో దాదాపు సగం కేసుల్లో మగవారి వైపు కూడా కారణం ఉంటుంది. అయినా మన దగ్గర ముందు ఆమెకు స్కాన్, ఆమెకు హార్మోన్ పరీక్షలు, ఆమెకు ట్యూబుల ఎక్స్‌రే, ఆమెకు నెలల తరబడి మాత్రలు. మా చెల్లె పుస్తకంలో ఐవీఎఫ్ లెక్కకు ముందు ఇంకో మూడు పేజీలున్నాయి, అన్నీ ఆమె పరీక్షలే, నాలుగేండ్లవి. బావ రిపోర్టు నాలుగో ఏడు చివర వచ్చింది. కౌంట్ తక్కువ. ఆ నాలుగేండ్లలో పోయిన డబ్బు కంటే పోయిన వయసు విలువైనది. ఆ నాలుగేండ్లూ ఆమెను ‘గొడ్రాలు’ అన్నవాళ్లు ఆ రిపోర్టు తర్వాత ఏమీ అనలేదు, ఆ మాట వెనక్కీ తీసుకోలేదు.

ఏడాది ప్రయత్నించినా గర్భం రాకపోతే ఇద్దరూ కలిసి డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. ఆమెకు 35 దాటితే ఆరు నెలలు చాలు. ఈ తొలి పరీక్షలకు కార్పొరేట్ ఆస్పత్రి అక్కర్లేదు. వరంగల్ రోడ్డు మీద గుట్ట నుంచి హైదరాబాద్ వెళ్లే దారిలోనే బీబీనగర్ ఎయిమ్స్ ఉంది. పరీక్షలు అక్కడో, ఇంకో ప్రభుత్వ ఆస్పత్రిలోనో పూర్తిచేసుకొని, ఆ కాగితాల ఫైలుతో పెద్ద సెంటర్‌కు వెళ్తే మళ్లీ మొదటి నుంచి రాయించుకునే ఖర్చు చాలావరకు తగ్గుతుంది.

సర్కారు వైపు ఏముంది?

తెలంగాణలో ప్రభుత్వ రంగంలో ఐవీఎఫ్ కోసం సికింద్రాబాద్ గాంధీ ఆస్పత్రిలో సంతాన సాఫల్య కేంద్రం 2023 అక్టోబర్‌లో ప్రారంభమైంది. అక్కడికి వెళ్లేముందు మూడు ప్రశ్నలు పట్టుకొని వెళ్లాలి. ఈ నెలలో ఏ సేవ నిజంగా నడుస్తోంది, ఐయూఐ (వీర్యాన్ని గర్భసంచిలోకి పంపడం) వరకేనా, ఎగ్ పికప్ (అండాలు తీయడం), ట్రాన్స్‌ఫర్ కూడానా? ఇంజెక్షన్లు లోపలే ఇస్తారా, బయటికి రాస్తారా? మా వంతు ఎన్ని నెలలకు వస్తుంది? ఐవీఎఫ్ ల్యాబ్ అంటే గది, మిషను మాత్రమే కాదు. పిండాలను చూసుకునే ఎంబ్రియాలజిస్టు రోజూ ఉండాలి, మందుల సరఫరా తెగకూడదు. ఏ ఒక్కటి ఆగినా వంతు ఆగిపోతుంది.

దారి ఖర్చు లెక్క కూడా చూద్దాం. ఒక సైకిల్‌లో స్కాన్లకు, ఎగ్ పికప్‌కు, ట్రాన్స్‌ఫర్‌కు కలిపి ఎనిమిది సార్లు పోవాల్సి వచ్చిందనుకుందాం. 2023 డిసెంబర్ 9 నుంచి తెలంగాణ ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ లేదు, కాబట్టి ఆయన ఒక్కడి టికెటే. ఉప్పల్‌లో దిగితే మెట్రో ఉంది, గాంధీ ఆస్పత్రికి సొంత మెట్రో స్టేషనే ఉంది. కూలి మాత్రం ఇద్దరిదీ పోతుంది. 2025–26లో తెలంగాణకు ప్రకటించిన ఉపాధి హామీ కూలి 307 రూపాయలు. ఎనిమిది రోజులు, ఇద్దరు మనుషులు: 4,912 రూపాయలు. ఉచిత వైద్యంలో కూడా ఈ దాదాపు ఐదు వేలు తప్పవు, ముందే పక్కన పెట్టుకోవాలి.

ఆయుష్మాన్ భారత్ కార్డు ఉంది కదా అని చాలామంది అడుగుతారు. ఆ పథకం మినహాయింపుల జాబితాలో సంతాన సాఫల్య చికిత్సలు పేరుపెట్టి ఉన్నాయి. ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబర్‌లో 10 లక్షలకు పెరిగింది. ఆ అంకె చూసి ఐవీఎఫ్‌కు వస్తుందని లెక్క వేసుకోవద్దు. గర్భసంచిలో గడ్డలు, అండాశయంలో తిత్తులు లాంటివాటికి ఆపరేషన్ అవసరమైతే అది వేరే జబ్బు, వేరే ప్యాకేజీ. దాని సంగతి ఆస్పత్రిలో ఉండే ఆరోగ్యమిత్రను అడగాలి.

నా మట్టుకు నాకు ఇది మారాల్సిన విషయం. పైన చెప్పిన ముంబై సంస్థ అధ్యయనమే, ఒక్కో సైకిల్‌కు సుమారు 81 వేల ప్యాకేజీతో ఐవీఎఫ్‌ను ఆయుష్మాన్‌లో చేర్చవచ్చని లెక్క ఇచ్చింది. రాష్ట్రంలో సగటున ఒక మహిళకు పుట్టే పిల్లల సంఖ్య 1.8కి దిగిందని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఎప్పుడో చెప్పింది. ఎక్కువ మంది పిల్లల్ని కనొద్దని నలభై ఏండ్లు ఊరూరా గోడల మీద రాసిన సర్కారుకు, ఒక్క బిడ్డ కోసం గాజులు కుదువపెడుతున్న ఇంటి పట్ల కూడా బాధ్యత ఉంది.

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు, పెన్షనర్లకు ఉన్న ఆరోగ్య పథకం సీజీహెచ్‌ఎస్‌లో మాత్రం దారి ఉంది. 2011 నవంబర్‌లో వచ్చిన ఉత్తర్వు ప్రకారం ఒక సైకిల్‌కు గరిష్ఠంగా 65,000, మూడు సైకిళ్ల వరకు తిరిగి ఇస్తారు. ముందస్తు అనుమతి, వయసు షరతులు ఉన్నాయి. మూడూ కలిపి 1,95,000. 2011 నాటి అరవై ఐదు వేలు ఈనాటి ప్రైవేటు బిల్లులో మూడో వంతుకు కూడా రాదు, అయినా ఉన్నది వదులుకోకూడదు. ఇంట్లో అర్హులెవరైనా ఉంటే మొదటి ఇంజెక్షన్‌కు ముందే దరఖాస్తు పెట్టాలి.

బీమా కాగితంలో పదిహేడో నంబరు

మీ ఆరోగ్య బీమా పాలసీ పుస్తకం తీయండి. మినహాయింపుల దగ్గర 17 అనే కోడ్ వెతకండి. బీమా నియంత్రణ సంస్థ అన్ని కంపెనీలకూ ఒకే భాషలో పెట్టించిన మినహాయింపు అది: వంధ్యత్వం, సంతానలేమి. కృత్రిమ గర్భధారణ, ఐవీఎఫ్, ఇక్సీ, సరోగసీ అన్నీ అందులో ఉంటాయి. అది ఉన్న పాలసీలో ఐవీఎఫ్ బిల్లు పెట్టినా రాదు. ఏజెంటు నోటిమాటగా “వస్తుంది సార్” అంటే, ఆ పదిహేడో నంబరును తీసేసినట్టు పాలసీలో ఎక్కడ ఉందో చూపించమనాలి.

కొన్ని పాలసీలు విడిగా ఐవీఎఫ్ ఇస్తున్నాయి. వాటికి రెండు మూడేండ్ల నిరీక్షణ కాలం, ఒక పరిమితి ఉంటాయి. లెక్క ఇట్లా వేయండి. ఉదాహరణకు ప్రీమియం ఏడాదికి 25,000, నిరీక్షణ మూడేండ్లు, పరిమితి లక్ష రూపాయలు. లక్ష కోసం మీరు ముందు కట్టేది 75,000. మిగతా జబ్బులకు రక్షణ ఎలాగూ ఉంటుంది కాబట్టి ఆ డబ్బు వృథా కాదు, కానీ ఐవీఎఫ్ కోసమే పాలసీ కొంటున్నామంటే మిగిలేది 25,000. ఈలోపు 33 ఏండ్ల ఆమెకు 36 వస్తాయి. 26 ఏండ్లకు పెళ్లయిన కొత్త జంట ఇట్లాంటి పాలసీ తీసుకుంటే మంచి నిర్ణయం. 34 దాటినవాళ్లు దీనికోసం ఆగడం నష్టం.

ఇంకోటుంది, మన ఊళ్లవాళ్లు ఎక్కువగా మరిచిపోయేది. కొడుకో కోడలో హైదరాబాద్‌లో పెద్ద కంపెనీలో పనిచేస్తుంటే, ఆఫీసు గ్రూప్ పాలసీలో ఐవీఎఫ్‌కు కొంత పరిమితి ఉండొచ్చు, నిరీక్షణ కాలం కూడా ఉండకపోవచ్చు. హెచ్‌ఆర్‌కు ఒక మెయిల్ పెడితే తేలిపోతుంది. సిగ్గుపడి అడగనివాళ్లు ఎందరో.

పన్ను సంగతి రెండు మాటల్లో. ఐవీఎఫ్ సేవలు కూడా ఆరోగ్య సేవలే, వాటికి జీఎస్టీ లేదని కేంద్రం 2022 ఆగస్టులో స్పష్టం చేసింది. ప్రొసీజర్ బిల్లులో జీఎస్టీ వేస్తే ఎందుకని అడగండి. మందుల మీద మాత్రం పన్ను ఉంటుంది.

పొదుపా, వయసా

బ్రిటన్‌లో ప్రతి ఐవీఎఫ్ క్లినిక్ లెక్కా అక్కడి నియంత్రణ సంస్థకు చేరుతుంది, అందుకే వాళ్ల అంకెలు నమ్మదగినవి. 2022 లెక్కల్లో, సొంత అండాలతో, 35 ఏండ్ల లోపు వాళ్లకు ఒక పిండం ట్రాన్స్‌ఫర్ చేస్తే బిడ్డ పుట్టే అవకాశం సుమారు 35 శాతం. 43–44 ఏండ్లకు అది 5 శాతం. ఏ రిక్కరింగ్ డిపాజిట్ కూడా ఈ తేడాను పూడ్చలేదు.

కాబట్టి పొదుపు సలహా వయసును బట్టి మారాలి. ఆమెకు 28 ఉండి, డాక్టర్ తొందర లేదంటే, నెలకు 6,000 చొప్పున రెండేండ్లు కడితే 1,44,000, దాని మీద వడ్డీ. మంచి పునాది. 36 ఉంటే ఆ రెండేండ్లు ఆగడమే అన్నిటికంటే ఖరీదైన పని.

ఆ 35 శాతాన్ని ఇంకో వైపు నుంచి కూడా చదవాలి. వందలో 65 మందికి మొదటి ట్రాన్స్‌ఫర్ ఫలించదు. ప్రతిసారీ అదే అవకాశం ఉందనుకుంటే, రెండు ప్రయత్నాలకు కలిపి 58 శాతం, మూడింటికి 73 శాతం. బ్రిటన్ వైద్య మార్గదర్శకాలు 40 లోపు మహిళలకు మూడు పూర్తి సైకిళ్లు ఇవ్వాలంటాయి. అంటే ఒక్కసారితో అయిపోతుందని వాళ్లూ అనుకోలేదు. మనం మాత్రం ఒక్కసారికే డబ్బు కూడబెట్టుకొని వెళ్తాం, అది కాకపోతే తల పట్టుకుంటాం.

ఇక్కడే ఫ్రీజ్ చేసిన పిండాల విలువ తెలుస్తుంది. మా చెల్లె లెక్కలో మొదటి ట్రాన్స్‌ఫర్ దాకా అయింది రెండు లక్షలు పైనే. రెండో ట్రాన్స్‌ఫర్‌కు 45,000. మిగిలిన పిండాలు ఎన్ని, వాటిని ఏటా ఉంచడానికి ఎంత, ఒక్కో ట్రాన్స్‌ఫర్‌కు ఎంత అన్నవి ప్యాకేజీ ధర కంటే ముందు అడగాల్సిన ప్రశ్నలు. సెంటర్ వాళ్లు విజయశాతం చెప్తే, అది ‘పాజిటివ్’ వచ్చినవాళ్ల లెక్కా, బిడ్డ పుట్టినవాళ్ల లెక్కా, మీ వయసువాళ్లలో ఎంతా అని అడగాలి.

మిత్తి రాయని లెక్క

3,11,600 అన్నాను కదా, అందులో మిత్తి లేదు. చెల్లె వాళ్లు లక్షన్నర ఊళ్లోనే నూటికి రెండు రూపాయల మిత్తికి తెచ్చారు. నెలకు 3,000. ఇరవై నెలలకు 60,000. అసలు అట్లనే ఉంది. అదే లక్షన్నర బ్యాంకులో బంగారం మీద ఏడాదికి 10 శాతం చొప్పున తెచ్చి ఉంటే నెలకు 1,250, ఇరవై నెలలకు 25,000. తేడా 35,000. ఇంకో పది వేలు వేస్తే ఇంకో ట్రాన్స్‌ఫర్.

“బంగారం బ్యాంకుల పెడితే అత్తకు తెలుస్తది” అంది. నేను మళ్లీ మాట్లాడలేదు. మహిళా సంఘంలో లోను తీసుకున్నా మిత్తి చాలా తక్కువ పడేది. అక్కడ పదిమంది ముందు ఎందుకో చెప్పాలి. చెప్పుకోలేని కష్టానికి మిత్తి ఎప్పుడూ ఎక్కువే కట్టాల్సి వస్తోంది. ఈ తేడా రూపాయల్లో చూస్తే ఇంట్లోవాళ్లతో ఒక్కసారి నోరు విప్పడం 35,000 విలువ చేసే పని.

బంగారం పెట్టేవాళ్లకు ఒక అంకె: రిజర్వు బ్యాంకు కొత్త నిబంధనల ప్రకారం 2026 ఏప్రిల్ నుంచి రెండున్నర లక్షల లోపు అప్పుకు బంగారం విలువలో 85 శాతం దాకా ఇవ్వొచ్చు. లక్షన్నర కావాలంటే సుమారు 1.77 లక్షల విలువైన నగలు చాలు, పుస్తెలతాడు దాకా పోనక్కర్లేదు.

సెంటర్లలోనే ఈఎంఐ ఇప్పిస్తామనేవాళ్లుంటారు. 2024 అక్టోబర్ నుంచి బ్యాంకయినా ఫైనాన్స్ కంపెనీయైనా సంతకానికి ముందు ఒక వివరాల పత్రం ఇవ్వాలి, అన్ని ఖర్చులూ కలిపిన ఏడాది వడ్డీ శాతం అందులో ఉండాలి. అది చూడకుండా సంతకం పెట్టొద్దు. ఈఎంఐలో ఇంకో చిక్కు: మొత్తం డబ్బు మొదటిరోజే సెంటర్ ఖాతాలోకి పోతుంది. అండాలు సరిగా పెరగక సైకిల్ మధ్యలో ఆగిపోతే, కిస్తీలు మాత్రం ఆగవు. ఏ దశలో ఆగితే ఎంత వెనక్కి ఇస్తారో ముందే రాయించుకోవాలి.

చీటీ ఎత్తుకుందామంటే, రిజిస్టరు అయిన చీటీ మాత్రమే. నిర్వాహకుడి కమీషన్‌కు చట్టం పెట్టిన హద్దు 7 శాతం. తొలి నెలల్లో పాట పాడితే పోయే సొమ్ము కూడా మిత్తే, దాన్ని కూడా పుస్తకంలో రాయాలి.

గ్యారంటీ అనే మాట వినిపిస్తే లేచి వచ్చేయండి. 2025 జులైలో సికింద్రాబాద్‌లో ఒక ఫెర్టిలిటీ సెంటర్ మీద పోలీసు కేసు అయింది. సరోగసీ పేరుతో సుమారు 35 లక్షలు కట్టిన జంటకు ఇచ్చిన బిడ్డ డీఎన్‌ఏ వాళ్లతో కలవలేదు. 2022 జనవరి నుంచి అమల్లో ఉన్న చట్టం ప్రకారం ప్రతి సెంటర్‌కూ రిజిస్ట్రేషన్ ఉండాలి, ఆ సర్టిఫికెట్ కనిపించేలా పెట్టాలి. అందులో లెవెల్ 1 అని ఉంటే అక్కడ ఐయూఐ మాత్రమే చేయాలి, ఐవీఎఫ్‌కు లెవెల్ 2 ఉండాలి. ఆమెకు 50, ఆయనకు 55 దాటకూడదు. సర్టిఫికెట్‌కు ఫోన్‌లో ఒక ఫొటో తీసుకుంటే పైసా ఖర్చు లేదు.

పోయిన వారం మళ్లీ గుట్టకు వెళ్లాను. రెండో ట్రాన్స్‌ఫర్ కూడా నిలవలేదు. ఇంకో పిండం ఉంది. పుస్తకం వెనక కొత్త పేజీ తీసింది. పైన తేదీ, దాని కింద ‘ట్రాన్స్‌ఫర్ 45,000, మందులు 12,000, దారి 3,000.’ కూడిక 60,000. ఈసారి మందులు కూడా ముందే అడిగి రాసింది. ఆ అంకె కింద రెండు గీతలు కొట్టి, “దీని తర్వాత అప్పు తేవద్దు” అని బావ తన చేతిరాతతో రాశాడు. కింద ఇద్దరి సంతకాలు. కౌంటర్ దగ్గర ఎవరో కొబ్బరికాయ ఊపి చూస్తున్నారు. చెల్లె పుస్తకం మూసి, ముందువైపు తిప్పి పెట్టి, లేచింది.